గేటు, నీళ్ళు, ఒక వాన పాట

మార్కాపురంలో మేము పనిచేసిన రేడియో ఆఫీసు ఒక బట్టల దుకాణం పైన ఉండేది. మెట్లు బయటి నుంచి. మెట్ల కింద టీ బంకు. బంకు పక్క గోడకు ఒక పెద్ద పలక వేలాడేది. అంచు విరిగి అమ్మకానికి పనికిరాని పలకను పలకల కార్ఖానా నుంచి తెచ్చి టీ బంకాయన తగిలించాడు. రేడియో వచ్చిన కొత్తలో జనం టీ తాగుతూ, పైన అమ్మాయికి ఫలానా పాట వెయ్యమని చెప్పు అని ఆయనకు చెప్పి పోయేవాళ్ళు. ఆయన పాలు పొంగకుండా చూసుకోవాలా, పాటలు గుర్తుపెట్టుకోవాలా. అందుకని పలక. బలపం ముక్కను దారంతో దానికే కట్టాడు. రాయడం వచ్చినవాళ్ళు రాసేవాళ్ళు, రానివాళ్ళు పక్కనున్న మనిషి చేత రాయించేవాళ్ళు. పొద్దున్నే టీ గ్లాసులతో పాటు పలక కూడా పైకి వచ్చేది. కార్యక్రమం అయిపోయాక ఆయన దాన్ని తడిగుడ్డతో తుడిచి మళ్ళీ గోడకు తగిలించేవాడు.

పైన అమ్మాయి అంటే పొద్దుటి కార్యక్రమం నడిపే అమ్మాయి. వాళ్ళ నాయన ఊళ్ళో దర్జీ. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. ఆమె రేడియోలో మాట్లాడుతున్నంతసేపూ ఆయన మిషను తొక్కడు, చేతికుట్టు పని మాత్రం చేసుకుంటాడు. చప్పుడుకు కూతురి మాట పోతుందని. నన్ను ఆమె చిన్నాయనా అనేది. నేను అమ్మా అనేవాణ్ణి. మా ఇద్దరి మధ్య బంధుత్వం అంతవరకే. ఆ వరసలతోనే ఏళ్ళు గడిచాయి.

నాది అంతకు ముందు పేపరు ఉద్యోగం. జిల్లా పేజీలు తగ్గించినప్పుడు మా డెస్కు పోయింది. ఆ తరువాత రేడియోవాళ్ళు పిలిచి, పొద్దున ఆమె చదవడానికి నాలుగు ముక్కలు రాసిపెట్టమన్నారు. మేము దాన్ని మాలో మేము "గేటు, నీళ్ళు, సంత" అనుకునేవాళ్ళం. గేటు అంటే దోర్నాల దాటాక శ్రీశైలం దారిలో అడవి చెక్‌పోస్టు. రాత్రిపూట బండ్లను వదలరు. పొద్దున ఎప్పుడు తీశారు, ఘాట్‌లో లారీ ఏదైనా అడ్డం పడిందా, ఇవన్నీ ఫోన్ చేసి కనుక్కోవాలి. నీళ్ళంటే ఈరోజు ఏ వీధికి కుళాయి వదులుతారు, ట్యాంకరు ఎటు పోతుంది అన్నది. సంత అంటే సంత. మిరపకాయలు, బత్తాయిలు, గొర్రెలు. పేపర్లో అయితే ఇది ఏ మూలో వేసే చిన్న వార్త. ఇక్కడ దీని కోసమే జనం రేడియో పెట్టేవాళ్ళు. పాటలు మధ్యలో వచ్చేవి.

నేను చేరినప్పుడు రోజంతా మనుషులే మాట్లాడేవాళ్ళు. మధ్యాహ్నం ఒక ఆవిడ వంటలు చెప్పేది. సాయంత్రం ఒక కుర్రాడు కాలేజీ పిల్లలతో ఫోన్లో వేళాకోళం ఆడేవాడు. మొదట మధ్యాహ్నం పోయింది. దాని బదులు నగరం నుంచి ఒక గొంతు రావడం మొదలైంది. ఆ గొంతు చాలా ఊళ్ళకు ఒకటే. నిన్న రికార్డు చేసిన మాటను ఈరోజు వేస్తారు. బయట ఎండ మాడుస్తుంటే చల్లటి వాతావరణం గురించి చెప్పేది. తరువాత సాయంత్రం కూడా పోయింది. ఆ కుర్రాడు ఇప్పుడు గిద్దలూరులో మోటారు సైకిళ్ళు అమ్మే షోరూములో ఉన్నాడు. మిగిలింది పొద్దుటి కార్యక్రమం ఒక్కటే. అది నిలుస్తుందా పోతుందా అన్నది తేల్చడానికి ఆ ఏడు శివరాత్రి ముందు నగరం నుంచి ఒక అబ్బాయి వచ్చాడు.

మర్యాదస్తుడు. చెప్పులు బయట విప్పబోతే వద్దని చెప్పాల్సి వచ్చింది. ల్యాప్‌టాప్ తెరిచి మా ఇద్దరినీ కూర్చోబెట్టి చూపించాడు. తెర మీద గీత ఒకటి నేలకు అంటుకుని పాకుతోంది. అది మాకు వచ్చిన ఫోన్ కాల్స్.

"మేడమ్, మీ వాయిస్ బాగుంటుంది. నేను కార్లో విన్నాను. కానీ పొద్దుటి షో అంటే కాల్స్ రావాలి కదా. ఎవరూ చెయ్యట్లేదు. అంటే వినట్లేదనే అనుకుంటారు అక్కడ."

"వింటారు సార్," అంది ఆమె. "ఫోన్ చెయ్యరు. కిందికొచ్చి చెప్పిపోతారు."

"ఎక్కడికి?"

"కింద పలక ఉంది సార్. దాని మీద రాస్తారు."

అతను కిటికీలోంచి కిందికి చూశాడు. కార్యక్రమం అయిపోయిన సమయం. పలక తుడిచి ఉంది. ఇంకా తడి ఆరలేదు.

"పాతవి ఏమైనా ఉన్నాయా? ఫోటోలు?"

లేవు. పలక మీద రాసింది దాచిపెట్టుకోవాలని ఎవరికీ తోచదు. రాయడం, తుడవడం, అంతే.

అతను ల్యాప్‌టాప్ మూశాడు. వచ్చే బుధవారం తానే వచ్చి కార్యక్రమం జరుగుతున్నంతసేపూ కూర్చుంటానన్నాడు. ఆరోజు కాల్స్ ఎట్లా ఉంటాయో చూసి, అదే పైవాళ్ళకు రాస్తానన్నాడు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాడు. ఈ సంగతి ఆమె రేడియోలో అనకూడదు. ఫోన్లు చెయ్యండని బతిమాలడం కంపెనీ పద్ధతి కాదు.

ఆమె సరే సార్ అంది. అతను మెట్లు దిగాక కూడా ఆ కుర్చీలోనే కూర్చుని ఉంది. హెడ్‌ఫోన్ తీగను వేలికి చుట్టి విప్పుతోంది.

"ఇది పోతే ఏం చేస్తావమ్మా?" అని అడిగాను.

"ఏం చేస్తా చిన్నాయనా. నాయన దగ్గర కాజాలు కుడతా." తీగ వదిలేసి, "కాజాలతో మాట్లాడేదేముంటాది," అంది.

కింద టీ బంకు దగ్గర నేను విషయం చెప్పాను. రేడియోలో చెప్పకూడదన్నారు గానీ టీ బంకులో చెప్పకూడదని ఎవరూ అనలేదు. బంకాయన స్టవ్ మంట తగ్గించి పూర్తిగా విన్నాడు.

"దీనికింత దిగులేందన్నా. బుధవారం పొద్దున అందరూ ఫోన్ చెయ్యాల. అంతే కదా?"

"అంతే."

"నాకిడ్సిపెట్టు. నేను పాలవాడికి చెప్తే చాలు, కంభం దాకా పోతాది మాట."

వెలిగండ్ల వైపు బస్సు డ్రైవరు అప్పుడే టీ గ్లాసు కింద పెట్టాడు. మా పలక మీద తరచుగా రాసేవాళ్ళలో అతనొకడు. తన కోసం కాదు. ఆ దారిలో ఒక పల్లెలో ఉండే ముసలామె అతని చేత కబురు పంపేది. ఆమెను అందరూ జేజి అనేవాళ్ళు. మేము ఎప్పుడూ చూడలేదు. ఆమె అడిగేది ఎప్పుడూ ఒకటే, వాన పాట. ఏ సినిమాదో ఆమెకు అక్కర్లేదు, అందులో వాన ఉంటే చాలు. మా సిగ్నలు అంత దూరం సరిగా పోదు. ఆమె పొద్దున్నే చిన్న రేడియో పట్టుకుని మిద్దె ఎక్కి వింటుందని, కిందికి దిగితే గరగర తప్ప ఏమీ రాదని డ్రైవరు చెప్పేవాడు.

"జేజికి ఫోన్ చెయ్యను వస్తాదా మామా?" అని బంకాయన అడిగాడు.

"రాకపోతే నేను నొక్కిస్తా. ఏమీ, నీకు టీ పెట్టను వస్తాందా? అయినా తాగడంల్యా మేము?"

"అట్లయితే రేపట్నుంచి ఎదురు బంకుకు పో."

"వాడిదింకా అన్యాయం."

అట్లా నవ్వుకుంటూనే పని మొదలుపెట్టారు. పాలవాడు, ఆటోవాళ్ళు, పలకల లారీ డ్రైవర్లు, దోర్నాల దగ్గర యాత్రికులకు టిఫిన్లు పెట్టే హోటలు మనిషి. మాట ఎటు పోవాలో అటు పోయింది. పేపరులో ఉన్న రోజుల్లో ఒక వార్త ఇంత చప్పున పాకడం నేను తక్కువగా చూశాను.

బుధవారం పొద్దున నేను వచ్చేసరికి నగరం అబ్బాయి లోపల కూర్చుని ఉన్నాడు. ఆమె గాజుగది లోపల. గాజుగదికి కిటికీ లేదు. అక్కడి నుంచి మెట్లు కనపడవు, వీధి కనపడదు. మైకు, తెర, ఫోన్ వస్తే వెలిగే చిన్న ఎర్ర దీపం, అంతే. ఆమె గేటు చెప్పింది, నీళ్ళు చెప్పింది. శివరాత్రికి గేటు రాత్రంతా తీస్తారా లేదా అని జనం అడుగుతున్నారు. ఇంకా ఉత్తర్వు రాలేదని, వచ్చిన వెంటనే చెప్తానని చెప్పింది. ఒక పాట వేసింది. దీపం వైపు చూసింది.

దీపం వెలగలేదు.

రెండో పాట అయింది. సంత చెప్పింది. దీపం వెలగలేదు. అతను ల్యాప్‌టాప్ వైపు చూస్తున్నాడు, నేను అతని వైపు చూస్తున్నాను. మామూలు రోజుల్లో దారిన పోయే వాడెవడో ఒకడైనా చేసేవాడు. ఆరోజు అదీ లేదు. ఊరంతా ఒక్కసారిగా నిద్రపోయినట్టుంది. ఆమె గొంతు మాత్రం మారలేదు. అదే నవ్వు, అదే వేగం. పాట మొదలు కాగానే ముఖం మీద నుంచి ఆ నవ్వు పోయేది. పాట అయ్యే సమయానికి మళ్ళీ వచ్చేది.

టీ రాలేదేమిటని నేను తలుపు తీసి బయటికి వచ్చాను.

మెట్ల నిండా మనుషులు. కింది నుంచి పైదాకా, పక్కకు ఒదిగి, ఒకరి వెనక ఒకరు. చెప్పులన్నీ కింద టీ బంకు ముందు కుప్పగా ఉన్నాయి. పలకల కార్ఖానా ఆడవాళ్ళు కొంగుల మీద దుమ్ముతో అట్లాగే వచ్చారు. దోర్నాల హోటలు మనిషి వచ్చాడు. ఆటోవాళ్ళు వచ్చారు. మిర్చి యార్డు హమాలీలు వచ్చారు. ఎవరూ మాట్లాడటం లేదు. మాట్లాడినా చెవుల్లో మాట్లాడుతున్నారు. అందరికంటే పై మెట్టు మీద, తలుపు పక్కనే, ఒక ముసలామె చేతిలో గుడ్డ సంచితో కూర్చుని ఉంది. ఆమె వెనక నిలబడిన బస్సు డ్రైవరును చూసి ఆమె ఎవరో నాకు తెలిసింది.

"ఏందిదంతా?" అన్నాను మెల్లగా.

"మెల్లగ మాట్లాడు నాయనా," అంది జేజి. "లోపల అమ్మాయి చెప్తాంది."

"మీరు ఫోన్ చెయ్యాల్సింది జేజీ. ఫోన్."

"చెప్పినాడు వీడు," అని డ్రైవరు వైపు తల ఊపింది. "ఎట్ల చేస్తాం? పెండ్లికి ఫోన్లో పిలిస్తే పోతామా మనం? పోము. మనిషొచ్చి బొట్టు పెట్టి పిలిస్తేనే పిలుపు. మరి పిల్లకు కష్టమొచ్చిందంటే ఫోన్ చేసి ఊరుకుంటారా? మనిషి రావాల."

ఆమె వెనకున్న కార్ఖానా మనిషి తల ఊపింది. అదే మాట అన్ని ఊళ్ళలోనూ అందరికీ విడివిడిగా తోచినట్టుంది. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. పాటకయితే ఫోన్ సరిపోతుంది గానీ, ఇట్లాంటి దానికి ఫోన్ చేస్తే తేలిక చేసినట్టని.

"అయితే ఇప్పుడైనా మీ ఫోన్లు తియ్యండి," అన్నాను.

ఒకతను జేబులోంచి ఫోన్ తీసి చూపించాడు. తెర నల్లగా ఉంది. మా తలుపు మీద ఎప్పటి నుంచో ఒక కాగితం అంటించి ఉంది, సెల్‌ఫోన్లు ఆపివేయవలెను అని. దాన్ని చదివినవాళ్ళు చదవనివాళ్ళకు చెప్పారు. లోపల రేడియో జరుగుతుంటే మోగితే బాగుండదని కింది మెట్టు దాకా అందరూ ఆపేశారు.

నగరం అబ్బాయి నా వెనక వచ్చి నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు. తరువాత, నిజంగా సాయం చేద్దామనే, "అందరూ ఒక్కసారి ఫోన్లు ఆన్ చేసి ఈ నంబరుకు కాల్ చెయ్యండి. ఇప్పుడే. ఇంకా టైముంది," అన్నాడు.

మెట్ల మీద నవ్వులు కదిలాయి.

"ఇక్కడే ఉండి ఫోన్ చేసేదేంది బాబూ. పిచ్చోళ్ళ మాదిరి."

"తలుపు తీస్తే మాట్లాడతా గదా."

"అది సిస్టంలో ఎక్కదండీ," అన్నాడు అతను.

"ఏందెక్కదు?"

"మీరు వచ్చినట్టు."

జేజి అతణ్ణి పైనుంచి కిందికి చూసింది. "నీకు కనపడతాండామా లేదా?"

"కనపడుతున్నారండీ."

"ఇంగేంది మరి?"

చివరికి దోర్నాల హోటలు మనిషి, ఆ అబ్బాయి ముఖం చూసి జాలిపడి కావచ్చు, ఫోన్ ఆన్ చేశాడు. నంబరు నొక్కాడు. లోపల ఎర్ర దీపం వెలిగి ఉంటుంది. బంకాయన రేడియో కింద మోగుతోంది కాబట్టి, ఆమె గొంతు మాకు కింది నుంచి వినిపించింది.

"చెప్పండి అన్నా, ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు?"

"మెట్ల మీద నుంచే పాప."

"ఏ మెట్లు?"

"మీ మెట్లే. తలుపు కాడ ఉండా."

ఆమె నవ్వింది. అది మామూలుగా పాటకూ పాటకూ మధ్య నవ్వే నవ్వు కాదు. "సరే అన్నా, టీ తాగి పో," అని పాట వేసింది. ఆరోజు వచ్చిన కాల్ అదొక్కటే.

కార్యక్రమం ముగించి ఆమె తలుపు తీసుకుని వచ్చింది. మెట్లు చూసింది. అక్కడ ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ కొద్దిగా సర్దుకుని ఆమె దిగడానికి దారి ఇచ్చారు.

"ఏంది చిన్నాయనా, ఇంతమంది వచ్చినారు?"

"నీ కోసమేనమ్మా."

"మరి ఫోన్ ఎందుకు చెయ్యలేదు?"

నేను జేజి వైపు చూశాను. జేజి సంచిలో నుంచి ఏదో తీసి ఆమె చేతిలో పెడుతోంది. వేయించిన అలసందలు. "సన్నగుండావే," అంది. "గొంతు విని ఇంకా కొంచెం లావుంటావనుకున్నా."

నగరం అబ్బాయి ఆ మనుషుల్ని ఫోటో తీసుకున్నాడు. దాన్ని కూడా పంపుతానన్నాడు. పంపాడని నేను నమ్ముతాను.

కంపెనీ ఉత్తర్వు కొన్నాళ్ళకు మెయిల్లో వచ్చింది. పొద్దుటి కార్యక్రమం ఇకనుంచి నగరం నుంచే వస్తుంది. స్థానిక సమాచారాన్ని అందులో కలుపుతారు. ఈ మార్పు గురించి రేడియోలో ముందుగా ప్రకటించనవసరం లేదు. ఆమె రెండుసార్లు చదివి నాకు చూపించింది. నేను చదివాను. భాష తప్పులు లేకుండా ఉంది. పేపర్లో మా పేజీలు పోయినప్పుడు నేను కొన్నాళ్ళు ఎవరితోనూ మాట్లాడలేదు. ఈసారి అట్లా ఏమీ కాలేదు. చదివి ఇచ్చేశాను, టీ తాగాను, మర్నాటికి కావలసిన ఫోన్లు చేసుకున్నాను.

ఆఖరి రోజు కూడా మామూలుగానే నడిచింది. పలక పైకి వచ్చింది. ఆమె గేటు చెప్పింది, నీళ్ళు చెప్పింది, సంత చెప్పింది. వెళ్ళొస్తానని చెప్పడానికి లేదు గనుక చెప్పలేదు. చివరి పాట ముందు, శివరాత్రికి గేటు సంగతి ఇంకా తేలలేదని చెప్తూ, "రేపు చెప్తా," అంది. ఏళ్ళుగా అలవాటైన మాట. నోటి నుంచి వచ్చేసింది. పాట వేసి, మైకు ఆపి, నా వైపు తిరిగింది.

"రేపు చెప్తా అంటిని చిన్నాయనా."

"అలవాటులే."

"వాళ్ళు నిజమనుకుంటారు గదా."

మర్నాడు పొద్దున నగరం గొంతు వచ్చింది. ఉత్సాహంగా ఉంది. ఆరోజు ప్రేమ గురించి ఏదో ప్రశ్న అడిగి, జవాబులు పంపమంది. గేటు గురించి లేదు. నీళ్ళ గురించి లేదు. నేను ఇంట్లో ఊరికే కూర్చుని, చెయ్యి ఊరుకోక, చెక్‌పోస్టుకు ఫోన్ చేశాను. అక్కడి మనిషికి నా గొంతు తెలుసు. ఉత్తర్వు వచ్చింది సార్, పండగ రోజుల్లో రాత్రంతా తీస్తాము అన్నాడు. రాసుకున్నాను. రాసుకున్న కాగితాన్ని ఎవరికివ్వాలో తెలియక చాలాసేపు చేతిలోనే పట్టుకున్నాను. ఆఖరికి తీసుకెళ్ళి దర్జీ దుకాణంలో ఆమెకు ఇచ్చాను. ఆమె కాజా కుడుతోంది. సూది గుచ్చి పెట్టి కాగితం చదివింది.

"అబ్బాజాన్, నేను వెలిగండ్ల పోయొస్తా," అంది.

వాళ్ళ నాయన ఎందుకని అడగలేదు. ఎవరితో అని మాత్రం అడిగి, నన్ను చూసి తల ఊపాడు.

జేజి ఊరివాళ్ళు ప్రతి ఏడూ శివరాత్రికి రాత్రిపూట మినీ లారీలో బయలుదేరి శ్రీశైలం పోతారని డ్రైవరు చెప్పగా మాకు తెలుసు. గేటు మూసి ఉంటే దోర్నాలలో చలిలో తెల్లవార్లూ కూర్చోవాలి. ఆ సంగతి డ్రైవరు చేత చెప్పి పంపినా సరిపోయేది. ఆ మాట నేను అన్నాను. "వాళ్ళు ఫోన్ చేసి ఊరుకోలేదు గదా," అంది ఆమె.

దారి పొడవునా ఎండిన కందికట్టెలు, బోర్లు వేసే లారీ ఒకటి, గొర్రెల మంద. బస్సులో డ్రైవరు రేడియో పెట్టలేదు. మమ్మల్ని చూసి పెట్టలేదో, ఇక పెట్టడో, అడగలేదు.

జేజి ఇల్లు రోడ్డు పక్కనే. మేము పోయేసరికి ఆమె మిద్దె మీద ఉంది. పొద్దు చాలా ఎక్కింది, అయినా రేడియో పట్టుకుని అక్కడే కూర్చుని ఉంది. ఆమె కోడలు కింది నుంచి కేక వేసింది. జేజి గోడ మీదుగా తొంగి చూసి, రేడియో ఆపి, మెల్లగా ఒక్కో మెట్టూ దిగి వచ్చింది.

"ఈ పొద్దు నువ్వు రాలేదేంది?" అంది. "వేరే ఎవరో పిల్ల మాట్లాడతాంది. గేటు చెప్తాదేమోనని చూస్తాండా, చెప్పలే."

"గేటు చెప్పనీకే వచ్చినా జేజీ. పండగరోజుల్లో రాత్రంతా తీస్తారంట."

"మంచిది." కోడలి వైపు తిరిగి, "విన్నావా, చెప్పు వాళ్ళకు," అంది. కోడలు పక్కింటి గోడ మీదుగా చెప్పింది. ఆ గోడవతల నుంచి ఇంకో గోడకు మాట పోవడం వినపడింది.

మజ్జిగ ఇచ్చారు. తాగాము. అమ్మాయి గ్లాసు కింద పెట్టి, "జేజీ, ఇంగ నేను రాను," అంది. "పొద్దున నేను చెప్పేది లేదు. తీసేసినారు."

"మేము వచ్చినా గానీ?"

"వచ్చినా గానీ."

జేజి కాసేపు ఆ మాటను నమిలినట్టు నోరు కదిలించింది. కోపం లేదు, దుఃఖం లేదు. ఏదో పంట ఈసారి పోయిందని విన్న మనిషి ముఖం అది. ఈ వైపు అట్లాంటి ముఖాలు నేను చాలా చూశాను.

"సరే. రేపు నీళ్ళ సంగతి ఎవరు చెప్తారు?"

అమ్మాయి నా వైపు చూసింది. నేను మజ్జిగ గ్లాసు వైపు చూశాను. అందులో ఏమీ లేదు.

"తెలీదు జేజీ," అంది.

సాయంత్రం బస్సు అదే. అదే డ్రైవరు. జేజి రోడ్డు దాకా వచ్చి, మేము ఎక్కి కూర్చునేదాకా కిటికీ పక్కన నిలబడింది. తరువాత ముందుకు పోయి డ్రైవరుతో ఏదో చెప్పింది. బస్సు కదిలింది. ఊరు దాటింది, కందిచేలు దాటింది. అమ్మాయి కిటికీకి తల ఆనించి కూర్చుంది. నిద్రపోయిందనుకున్నాను.

డ్రైవరు వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"పాపా, జేజి వాన పాట అడిగింది."

ఎన్నో ఏళ్ళుగా ఆ మాటను అతను మోసుకొచ్చి పలక మీద రాస్తున్నాడు. ఆమె కళ్ళు తెరిచి ముందుకు చూసింది.

"సరే మామా," అంది.

పొద్దుగూకే వేళకు బస్సు మార్కాపురం చేరింది. దిగాక ఆమె దర్జీ దుకాణం వైపు పోయింది. నేను టీ బంకు దగ్గర ఆగాను. పలక గోడకే ఉంది. దాని మీద ఎవరో రెండు పాటలు రాసిపోయారు. డ్రైవరు బస్సు నిలిపి వచ్చి, టీ చెప్పి, బలపం తీసుకుని వాటి కింద జేజి పాట రాశాడు. బంకాయన చూశాడు గానీ వద్దనలేదు. తుడవనూ లేదు.